బండ ఆరేదాకా

"బండలు ఎవురు కడిగినారు?"

తన గొంతు అంత గట్టిగా వస్తుందని ఉమామహేశ్ కూడా అనుకోలేదు. కానీ ఆ పూట ఎవరికైనా గొంతు లేస్తుంది. రెండేళ్లు కడప యూనివర్సిటీ ల్యాబులో కూర్చుని అతను తయారుచేసిన కెమెరా మెషిన్‌కి డోన్ దగ్గరున్న ఈ నాపరాళ్ల పాలిష్ ఫ్యాక్టరీలో అదే మొదటి పరీక్ష. బండలో సన్నటి నెర్రె ఉంటే ఎర్రలైటు, లేకుంటే పచ్చలైటు. నెగ్గితే ఫ్యాక్టరీకీ యూనివర్సిటీకీ ఒప్పందం, దాంతోపాటు అతనికో పర్మనెంటు ఉద్యోగం. ఓడితే మార్చి నెలాఖరుకి ప్రాజెక్టు మూత.

ల్యాబులో నూటికి తొంభై ఎనిమిది తెచ్చుకున్న మెషిన్, ఇక్కడ ప్రతి బండకీ పచ్చలైటే వేసింది. అలా పాసైన ఒక బండ ఎత్తగానే రెండు ముక్కలైంది. అందరూ చూశారు.

"నేనే కడిగించినా," అంది ఒకమ్మాయి తాపీగా. "సుట్టాలు వస్తాంటే మీ కాడ ఇల్లు కడగరా సార్?"

ఆమె శివజ్యోతి. ఓనరు నారాయణ కూతురు. ఇంజనీరింగ్ చదివి, ఫ్యాక్టరీ నుంచి సరుకు పంపే పని చూస్తోంది.

తడి వల్లే మెషిన్ తికమకపడిందని ఉమామహేశ్ వాదించాడు. బండలు ఎప్పుడో ఆరిపోయాయని ఆమె చెప్పింది. ఏ ఫోటోలు చూపించి మెషిన్‌కి నేర్పించారని అడిగింది. మీ ఫ్యాక్టరీ పంపినవేనంటూ అతను ఫోన్ చేతికిచ్చాడు. నాలుగు ఫోటోలు చూసేసరికి ఆమెకి నవ్వు ఆగలేదు.

ఆ ఫ్యాక్టరీలో కంబన్న అనే పెద్దాయన ఉన్నాడు. నలభై ఏళ్లుగా చిన్న సుత్తితో బండను తట్టి చెవితో వింటాడు. ఖంగుమంటే మంచిది. మొద్దుగా మోగితే నెర్రె ఉన్నట్టు. అలాంటి బండ మీద సుద్దముక్కతో అడ్డంగా ఒక గీత గీస్తాడు. కడపకి పంపిన చెడ్డ బండల ఫోటోలన్నిట్లో ఆ గీత ఉంది. ఇవాళ బండలు కడగడంతో ఆ గీతలన్నీ పోయాయి.

శివజ్యోతి ఒక మంచి బండ మీద సుద్దగీత గీసి కెమెరా కింద పెట్టింది. ఎర్రలైటు వెలిగింది.

"మీ మెషిన్ బండను సూడల్యా సార్. మా కంబన్న తాత గీతను సూసినాది."

కూలీలంతా గొల్లుమన్నారు. ఉమామహేశ్ పరువు గంగలో కలిసింది. అయినా లోపల ఎక్కడో ఉత్సాహం పొంగింది. రెండేళ్లుగా తనకీ తన ప్రొఫెసర్‌కీ దొరకని తప్పు ఈమెకి రెండు నిమిషాల్లో దొరికింది. ఆమె మీంచి చూపు తిప్పుకోవడం కష్టమైంది.

నారాయణ మర్యాదగా కాఫీ తాగి వెళ్లమన్నాడు. అంటే ఇంక రావద్దని. కూతురే అడ్డుపడింది.

"ఒక్క నెల టైమియ్యి నాయనా. తప్పు యాడుండాదో తెలిసినాక ఇడిసిపెడితే ఎట్ల?"

అక్కడికక్కడే చిత్తుకాగితం మీద ప్లాన్ రాసింది. యూనివర్సిటీ మెషిన్‌ని సరిదిద్దాలి. ఫ్యాక్టరీ బండల్నీ, కంబన్ననీ ఇవ్వాలి. ప్రతి శనివారం ఇక్కడే పరీక్ష. నెగ్గితే ఏడాది ఇక్కడ, ఆ తర్వాత పక్క ఫ్యాక్టరీలకి. ఉమామహేశ్ నలభై పేజీల్లో రాసిన ప్రతిపాదన అరపేజీలో ఇమిడిపోయింది. ఒళ్లు మండింది గానీ ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

మొదటి శనివారం కంబన్న ఒక కిటుకు చెప్పాడు. "నీళ్లు సల్లి ఓపిగ్గా నిలబడప్పా. బండంతా ఆరుతాది. నెర్రెలో తడి మాత్రం ఆరదు."

కెమెరా ఫోటో తీయాల్సింది సరిగ్గా ఆ క్షణంలో. బండ ఆరడానికి నాలుగు నిమిషాలు. ఆ నాలుగు నిమిషాలు ఇద్దరు మనుషులు ఊరికే నిలబడి ఏం చేస్తారు? మాట్లాడుకున్నారు.

తనది కోసిగి అని అతను చెప్పాడు. అమ్మానాన్నలు ఏటా సుగ్గికి, అంటే మిరపకోతల వలసకి, గుంటూరు వైపు పోతే అవ్వ దగ్గర ఉండి చదువుకున్నానని చెప్పాడు. ఆమె అయ్యో అనలేదు. ఇప్పుడూ పోతున్నారా అని అడిగింది. పోతున్నారన్నాడు. అయితే ఈ ఒప్పందం జరగాల్సిందేనంటూ స్ప్రే డబ్బా అందుకుంది. అప్పటికే తడిసిన బండ మీద, సరిగ్గా తడవలేదంటూ ఇంకోసారి చల్లింది.

మూడో శనివారానికి ఉమామహేశ్‌కి అనుమానం వచ్చింది. ఆమె ప్రతి బండకీ రెండుసార్లు చల్లుతోంది. కనిపెట్టినా అతను కిమ్మనలేదు. కడప నుంచి మైదుకూరు మీదుగా వచ్చే తొలి బస్సు అతనికి ఆ నెలలో ఒక్క శనివారం కూడా తప్పిపోలేదు.

చివరి పరీక్షకి పక్క ఫ్యాక్టరీల ఓనర్లు, కడప నుంచి ప్రొఫెసర్ వచ్చారు. ముప్పై బండలు. ముందుగా కంబన్న తట్టి తీర్పు చెబితే నారాయణ కాగితం మీద రాసి మడిచి పెట్టుకున్నాడు. శివజ్యోతి కావాలనే మంచి బండల మీద సుద్దగీతలు గీసింది. మెషిన్ వాటిని పట్టించుకోలేదు.

ఇరవై తొమ్మిది బండలకి ఇద్దరి తీర్పూ ఒకటే. ఒక్కదానికి మాత్రం కంబన్న మంచిదన్నాడు, మెషిన్ ఎర్రలైటు వేసింది. కంబన్న ఆ బండ దగ్గర కూర్చుని, చెవి ఆనించి, అంచు మీద మళ్లీ తట్టాడు. ఈసారి మొద్దుగా మోగింది.

"తప్పు నాదే," అన్నాడు చివరికి. "నా చెవి ముసిలిదైపాయ. ఇంగ మెషినూ నేనూ కలిసి సూస్తాం."

షెడ్డంతా చప్పట్లు. నారాయణ ఒప్పందం మీద పెన్ను పెట్టి, ఆగాడు.

"ఇంగ మెషిన్ ఈడనే ఉంటాది. నువ్వు శనివారం శనివారం వచ్చే పని లేదు కదప్పా?"

"మెషిన్ కోసమైతే లేదు సార్," అన్నాడు ఉమామహేశ్. "శివజ్యోతి కోసం వస్తా. నాకు ఆమె అంటే శానా ఇష్టం. మా అమ్మానాయన సుగ్గికి పోయే కూలోళ్లు. అది మీకు తెలిసే జవాబు చెప్పండి."

నారాయణ కంబన్న వైపు చూశాడు.

"నన్నేం సూస్తావు?" అన్నాడు కంబన్న. "నాలుగు నిమిషాల్లో ఆరే బండ, వీళ్లిద్దరూ నిలబడితే అరగంటైనా ఆరల్యా. నెల నుంచి సూస్తానే ఉండా."

నారాయణ కూతురి వైపు తిరిగాడు. "రెండోసారి నీళ్లు ఎవురు సల్లినారు పాపా?"

స్ప్రే డబ్బా ఇంకా ఆమె చేతిలోనే ఉంది. దాన్ని దాచే ప్రయత్నం చేయలేదు.

"నేనే సల్లినా నాయనా."

నారాయణ సంతకం పెట్టి, కాగితం ఉమామహేశ్ చేతికిచ్చాడు.

"మీ అమ్మానాయన్ను పిలిపియ్యప్పా. వాళ్లతో మాట్లాడాల."