పెద్దది ఆమెన్ అనలేదు

ఆ ఇంట్లో పొద్దున్నే ప్రార్థన కాకుండా పొయ్యి వెలగదు. తల్లి ముందుగదిలో మోకరిస్తుంది. నర్సులైన కూతుళ్ళిద్దరూ చెరో పక్కనా మోకరిస్తారు. ఆ రోజు మాత్రం ఆవిడ ప్రార్థన రోజూకంటే పొడుగైంది.

"ప్రభువా, ఈ ఇంట్లో మొండి మనసులున్నాయి, నీకు తెలుసు. తలొంచడం నేర్పు తండ్రీ. తోడబుట్టినదాని బతుకు గురించి ఆలోచించే బుద్ధినివ్వు. ఆమెన్."

పేరు పెట్టకపోయినా ఎవర్ని పొడుస్తోందో దేవుడికి వేరే చెప్పక్కర్లేదు. చిన్నది గొణిగినట్టు ఆమెన్ అంది. పెద్దది అనలేదు. లేచి యూనిఫాం తీసుకుని ఇస్త్రీ బల్ల దగ్గరకు వెళ్ళింది.

ఎనిమిది రోజుల క్రితం వాళ్ళ వార్డులో ఒక ముసలాయనకు ఒకే ఇంజెక్షన్ రెండుసార్లు పడింది. చావు తప్పి బయటపడ్డాడు. ఆ పూట వార్డు బాధ్యత పెద్దదానిది. చిన్నది ఆమె కింద పని నేర్చుకుంటోంది, ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు. విచారణలో చిన్నది, "అక్కే చేసింది. ప్రార్థన ధ్యాసలో పడి మర్చిపోయి మళ్ళీ చేసింది" అని చెప్పేసింది. ఇక ఆస్పత్రిలో నోళ్ళు లేచాయి. భక్తి ముదిరితే ఇంతేనన్నారు. నిన్నటిదాకా మా పిల్లల కోసం ప్రార్థన చెయ్యవా అని ఆమెను బతిమాలినవాళ్ళే అన్నారు.

ఈ రోజు పదింటికి ఆఖరి విచారణ. పెద్దది తప్పు ఒప్పుకుంటూ కాగితం రాసిస్తే వేరే వార్డుకు మార్చి వదిలేస్తారు. లేకపోతే ఉద్యోగం పోతుంది, పరువూ పోతుంది.

తల్లి బల్ల దగ్గరకొచ్చి నిలబడింది. "ఒక్క సంతకమేనే. పదిహేనేళ్ళ సర్వీసు నీది, నిన్నెవరూ ఏమీ చెయ్యరు. తప్పు చెల్లి మీదికొచ్చి దాన్ని ఇప్పుడే వెళ్ళగొడితే మళ్ళీ ఎవరు చేర్చుకుంటారు?"

"చెయ్యని తప్పు చేశానని రాయలేనమ్మా."

"అబ్బో! పరలోకం నీ ఒక్కదానికే రాసిపెట్టారు మరి!"

"పరలోకం దాకా ఎందుకు? రేపు ఇంకో రోగి చెయ్యి పట్టుకోవాలి. అబద్ధం మీద సంతకం పెట్టిన చేత్తో ఎలా పట్టుకోను?"

చిన్నది తువ్వాలుతో గుమ్మంలోకి వచ్చింది. "నాకు గుర్తున్నదే చెప్పానక్కా."

పెద్దది దాని కళ్ళలోకి చూసింది. చిన్నది తుడిచిన మొహమే మళ్ళీ తుడుచుకుంది.

యూనిఫాం తిప్పి చూస్తే పైగుండీ లేదు. గుండీల డబ్బా కోసం పెద్దది అలమర వైపు రెండడుగులు వేసిందో లేదో, తల్లి అడ్డం వచ్చింది. "ఆ డబ్బా ముట్టుకోకు! నేను కుడతా."

గుండీ కోసం ఎవరూ అంత కేక వెయ్యరు.

పెద్దది అక్కడే ఆగింది. "నాలుగు రోజుల క్రితమే తెరిచానమ్మా."

తల్లి అలమర ముందు నుంచి పక్కకు జరిగింది. ఇంజెక్షన్ చేశాక చార్టులో రాసేదాకా ఖాళీ సీసా పారెయ్యకూడదని, దూదిలో చుట్టి జేబులో ఉంచుకోవాలని చెల్లెలికి నేర్పింది పెద్దదే. ఆ ముసలాయన సంగతి జరిగిన రోజు తల్లి బట్టలు నానబెడుతుంటే చిన్నదాని జేబులో ఒకటి కాదు, రెండు సీసాలు దొరికాయి. తల్లి ఎవరినీ ఏమీ అడగలేదు. వాటిని గుండీల డబ్బాలో అడుగున పెట్టి మూత బిగించింది. మర్నాటి నుంచి పెద్దదాని కోసం ప్రార్థన మొదలుపెట్టింది.

"తెలిసి మరి... ఎందుకు ఊరుకున్నావే?"

"నువ్వు చెప్తావనుకున్నా. రోజూ నీ పక్కన మోకరించి, ఇవాళైనా ఆ మాట నీ నోట వస్తుందేమోనని విన్నా. నువ్వు నా మీదే చెప్పుకుంటూ వచ్చావు."

చిన్నది గోడకు జారబడింది. "మొదటిసారి చేశాక ఫోన్ మోగిందక్కా. తిరిగొచ్చి చార్టు ఖాళీగా ఉంటే, చెయ్యలేదనుకున్నా. జేబు చూసుకోలేదు."

"నా పేరెందుకు చెప్పావే?"

"నువ్వైతే తట్టుకుంటావని."

"తట్టుకున్నా," అంది పెద్దది. "పదింటికి వెళ్తా. నేను చెయ్యలేదని చెప్తా, అడిగితే చూసింది కూడా చెప్తా. ముందే చెప్పడమా మానడమా అన్నది మీ ఇష్టం."

చిన్నది వెళ్ళి డబ్బా తెరిచింది. రెండు సీసాలూ తీసి తన యూనిఫాం జేబులో వేసుకుంది. "నేనూ వస్తున్నా," అంది ఏడుస్తూ.

తల్లి ఉన్నచోటే మోకరించింది. ఎన్నేళ్ళుగానో ధారగా వచ్చే ప్రార్థన ఆ పూట ముక్కలుగా వచ్చింది.

"ప్రభువా... ఆ సీసాలు నేనే దాచాను. నా బిడ్డ మీద నీకే చాడీలు చెప్పాను."

ఆవిడ నేలకు తల ఆనించింది. పెద్దది దగ్గరకు రాలేదు, భుజం మీద చెయ్యి వెయ్యలేదు. గుండీ లేని యూనిఫాం పట్టుకుని, నిలబడ్డచోటే కళ్ళు మూసుకుంది.

"ఆమెన్," అంది.