పాదరసం యాడ పోయింది

రామాంజినమ్మ బోరింగు దగ్గర గంటసేపు నిలబడి, ఇద్దరితో పోట్లాడి, రెండు బిందెల నీళ్లు సాధించుకుని ఇంటికొచ్చింది. వానలు మొహం చాటేసి రెండో ఏడు. ఊళ్లో నీళ్లకు కరువు గానీ తగాదాలకు కాదు. గడప దాటేసరికి, రెండేళ్ల కూతురు కదిరమ్మ మంచం పక్కన చతికిలబడి ఏదో చీకుతూ కనిపించింది.

నోట్లోంచి లాగి చూస్తే థర్మామీటరు. కొన విరిగిపోయి ఉంది. లోపల పాదరసం లేదు.

"అత్తా, పిల్ల పాదరసం మింగిండాది."

పెరట్లో విత్తనానికి శెనక్కాయలు వలుస్తున్న ఓబమ్మ పరుగున వచ్చింది. ఆ గాజు గొట్టం చూడగానే ఆమె మొహం పాలిపోయింది. ఆ తర్వాత నోరు లేచింది.

"పసిబిడ్డకు అందేట్ల పెడతారా ఎవురన్నా? ఎస్సెల్సీ చదివినావంట. ఏం చదివినావో."

"గూట్లో పెట్టినా అత్తా. మారెమ్మ రాత్రి తెచ్చిస్తే నా చేత్తోనే పెట్టినా. అదేమన్నా కాళ్లొచ్చి దిగిందా?"

పక్కింటి మారెమ్మ కొడుకు జ్వరం చూడటానికని అడిగి తీసుకెళ్లి తిరిగిచ్చిన మాట నిజమే. కానీ ఇప్పుడా నిజం ఎవరికి కావాలి? రామాంజినమ్మ మొగుడు తిమ్మరాయప్ప కూడా పెళ్లాం మీదే విరుచుకుపడ్డాడు. ఆస్పత్రి ఉన్న పావగడకు బస్సు రావడానికి ఇంకా రెండు గంటలుంది. ఏం చేయాలో తోచక, పక్క వీధిలోని ఆంజనప్పను పిలుచుకురావడానికి పరుగెత్తాడు.

ఆంజనప్ప హైస్కూల్లో ల్యాబు అటెండరు. స్టవ్వు పొగ కక్కినా, రేడియో గరగరమన్నా, కుక్కరు కూత పెట్టకపోయినా ఈ అరసికెరె ఊళ్లో జనం ఆయన దగ్గరికే పోతారు. ముందు తిడతాడు, తర్వాత చెబుతాడు. తిట్లు ఉచితం కాబట్టి ఎవరూ పట్టించుకోరు.

"కసువు ఊడ్చద్దు. చీపురు తగిలితే ఇల్లంతా చెదురుతాది. తలుపులు బార్లా తెరువు," అంటూనే లోపలికొచ్చాడు. పిల్ల నోరు తెరిపించి టార్చి వేసి నాలుక కింద, బుగ్గల్లో చూశాడు. "తెగింది లేదు, నెత్తురు లేదు. పాదరసం పూసలు పూసలుగా పడుంటాది, నేలంతా చూడండి."

ముగ్గురూ మోకాళ్ల మీద వంగి వెతికారు. ఒక్క పూస దొరకలేదు. విరిగిన గాజు ముక్క కూడా దొరకలేదు. రామాంజినమ్మ కూతుర్ని రొమ్ముకు అదుముకుని గోడకు చేరగిలబడింది. కదిరమ్మ మాత్రం తల్లి జడ లాగుతూ నవ్వుతోంది. ఆ నవ్వు చూస్తే తల్లికి ఇంకా ఏడుపొచ్చింది.

"జీపు దొరుకుతాదేమో చూడప్పా తిమ్మరాయా, ఆస్పత్రికి పోదాం," అన్నాడు ఆంజనప్ప. ఇప్పుడు ఆయన గొంతులో తిట్టు లేదు.

మూలన నిలబడిన ఓబమ్మ కొంగుతో మొహం తుడుచుకుంది. ఆంజనప్ప చూపు ఆమె చేతి మీద ఆగింది.

"ఓబమ్మక్కా, ఆ ఉంగరం బంగారుదేనా?"

"బంగారుదే."

"మరి వెండి మాదిరి తెల్లగైందేమక్కా? పాదరసం తాకితేనే బంగారం అట్లయ్యేది."

ఓబమ్మ చేయి వెనక్కి దాచుకుంది. దాచుకుని ఏం లాభం? ఆమె నేల మీద కూలబడింది.

"థర్మామీటరు నేనే కడిగినా. మారెమ్మ పిల్లోని ఎంగిలి, రేపు మన పాప నోట్లో పెడతారే అని, మసలే నీళ్లలో వేసినా. టప్పుమని పగిలిపాయ. నీళ్లు చల్లారినాక గిన్నెలో పడిన పాదరసం చేత్తో ఎత్తబోతే జారిపాయ. గొట్టం గుడ్డలో చుట్టి మంచం కింద పెట్టినా."

"గిన్నె యాడుంది?"

"పెరట్లో, చేట కింద."

నలుగురూ పెరట్లోకి పరుగెత్తారు. స్టీలు గిన్నె అడుగున, చల్లారిన నీళ్లలో పాదరసం తళతళలాడుతోంది. పక్కనే రెండు గాజు ముక్కలు. ఆంజనప్ప కాగితంతో వాటిని బయటికి తీసి, విరిగిన గొట్టం కొనకు ఆనించి చూశాడు. సరిగ్గా అతికాయి.

"అంతా ఈడనే ఉండాది. పాప ఏం మింగలేదమ్మా," అన్నాడు. "ఎందుకైనా మంచిది, ఒకసారి డాక్టరుకు చూపించండి. ఈ గిన్నె మళ్లా వంటకు వద్దు. పాదరసం సీసాలో పోసి నేను తీస్కపోతా. తెలుపు పోవాలని ఆ ఉంగరం పొయ్యిలో పెట్టి కాల్చేరు సుమా, ఆ పొగ విషం."

తిమ్మరాయప్ప అక్కడే మట్టిలో కూర్చుండిపోయాడు. పెళ్లాం మొహం చూడటానికి అతనికి సిగ్గేసింది. రామాంజినమ్మకు మొదట ఊపిరాడింది, ఆ వెంటనే కోపమొచ్చింది.

"అర్ధగంట చచ్చి బతికినా అత్తా. నీ కండ్ల ముందరనే ఏడుస్తాంటి. ఒక్క మాట చెప్పకపోతివే."

"చెప్దామనే నోరు తెరిచినానమ్మా. తిట్టు వచ్చింది." ఓబమ్మ వెక్కివెక్కి ఏడ్చింది. "గొట్టంలో రవ్వంత మిగిలుంటే, నా చేతులారా బిడ్డను చంపుకున్నట్లే కదా అని భయమాయ. భయంతోనే నిన్ను అన్నా."

రామాంజినమ్మ ఆమెకేసి చూసింది. నిన్నటిదాకా దేనికీ బెదరని మనిషి, మనవరాలి వైపు చేతులు చాచడానికి కూడా జంకుతోంది. రామాంజినమ్మ వెళ్లి ఆమె పక్కనే కూర్చుంది. ఓబమ్మ వేలి నుంచి ఉంగరం తీసి కాగితంలో చుట్టింది. సబ్బు తెచ్చి ఆ చేతులు రెండూ తానే కడిగింది. కష్టపడి తెచ్చిన నీళ్లు సగం బిందె అయిపోయినా లెక్కచేయలేదు.

"ఇంకోసారి ఏదన్నా పగిలితే ముందు నాకు చెప్పు అత్తా," అంది కొంగుతో ఆ చేతులు తుడుస్తూ. "తిట్టాలంటే తర్వాత ఇద్దరం కూర్చుని తిట్టుకుందాం."

ఆ తర్వాత కూతుర్ని తీసి అత్త ఒడిలో కూర్చోబెట్టింది.