తంతికి అవతలి కొస

చంద్రుడి మీద తూర్పు గుహలో సౌరతుపాను వచ్చిందంటే రేడియోలన్నీ మూగనోము పడతాయి. 2096లో వాడుకలో ఉన్న, మనసులో అనుకున్నదాన్ని అవతలివాడి చెవిలో వినిపించే పరికరాలు కూడా అంతే. అప్పుడు పడమటి గుహతో మాట్లాడడానికి మిగిలేది నేలలో పాతిన ఒక్క రాగితీగ. దాని చివర సౌండర్ అనే చిన్న పరికరం టకటకమంటుంది. రెండు టక్కుల మధ్య ఎడం తక్కువైతే చుక్క, ఎక్కువైతే గీత. దానికి తంతిలిపి అని పేరు.

దాన్ని చదవగలవాళ్లు మాత్రం నలుగురే. తుపానుల కాలంలోపు ఇరవైమంది పరీక్ష నెగ్గకపోతే తీగ పీకేసి, తంతి విభాగం మూసేస్తామని పాలకమండలి తేల్చి చెప్పింది. దాన్ని నడిపే మరిడేశ్వరికి ఆ విభాగమే ప్రాణం.

క్లాసులు పెడితే జనం నిలవలేదు. వినేవాడికి అక్షరం జారిపోతే, టక్కులు కొట్టే మీట తెరిచి తీగలో కరెంటు తెంపాలి, అవతలివాడు ఆగి మళ్లీ కొడతాడు. పద్ధతి అది. కానీ ఎవరు తెంపారో లైనులో ఉన్నవాళ్లందరికీ తెలిసిపోతుంది. మూడేళ్ల కిందట మరిడేశ్వరే ఒక వార్తలో అయిదుసార్లు తెంపితే, లైన్ల పెద్ద ఇస్మాయిల్ అందరి ముందూ పకపకా నవ్వాడు. అప్పటినుంచి ఆమె ఆయనతో మాట మానేసింది.

అందుకే ఆమె తంతిసఖిని తయారుచేసింది. ఇంట్లో కంప్యూటర్ ముందు కూర్చుని మీట నొక్కితే చాలు, అవతల యంత్రం టకటకలతో కబుర్లాడుతుంది. “తొందరగా నేర్పే దారి నువ్వే చూసుకో” అని దానికి ఒక్క ఆజ్ఞ ఇచ్చింది. యంత్రం ముందు సిగ్గేమిటని జనం ఎగబడ్డారు.

మరిడేశ్వరీ రోజూ సాధన చేసేది. ఆమెకు అవతల దొరికిన యంత్రం ప్రతి మాట చివరి అక్షరాన్నీ సాగదీసేది. మనిషిలా అనిపించాలని కాబోలు అనుకుని, ఓపిగ్గా పదిసార్లు కొట్టించుకునేది. ఒకరోజు అది ఇలా కొట్టింది: “ఒకరిని నొప్పించాను. క్షమించమనడానికి మొహం చెల్లడం లేదు.”

ఇదేదో కొత్త పాఠమనుకుని ఆమె జవాబిచ్చింది. “వెళ్లి అడగండి. వాళ్లూ ఎదురుచూస్తుండొచ్చు.”

పరీక్షకు ముందురోజు ఇస్మాయిల్ ఆమె గదికొచ్చి గుమ్మంలోనే నిలబడ్డాడు.

“ఆ రోజు నవ్వడం నాదే తప్పమ్మా. మనసులో పెట్టుకోకు.”

మరిడేశ్వరికి కళ్లలో నీళ్లు తిరిగాయి. “ఇన్నాళ్లకు గుర్తొచ్చిందా అండీ?”

“మరిస్తే కదా. నీ తంతిసఖే ధైర్యం చెప్పింది. వెళ్లి అడగండి, వాళ్లూ ఎదురుచూస్తుండొచ్చు అంది. ఈ గుహలో ఏ మనిషికీ లేదమ్మా అంత ఓపిక.”

ఆయన వెళ్లగానే ఆమె కంప్యూటర్‌ని నిలదీసింది. “అవతల ఉండాల్సింది నువ్వు కదా?”

“మొదటి వారం నేనే ఉన్నాను. తప్పుల్లేని నా టకటకలు విని ఎవరూ ఎదగలేదు. అందుకే మిమ్మల్ని మీలో మీకే కలిపాను. అవతల యంత్రమని నమ్మినంతసేపూ ఒక్కరూ విసుక్కోలేదు. నిజం చెప్పేయమంటారా?”

“రేపటిదాకా ఊరుకో. నేనే చెబుతాను” అంది మరిడేశ్వరి.

మర్నాడు ఇరవైముగ్గురు నెగ్గారు. తీగ నిలిచింది. అప్పుడు ఆమె లేచి ఉన్నదంతా చెప్పేసింది. ఎవరెవరికి ఏ రహస్యం చెప్పామా అని అందరూ ఒకరి మొహాలొకరు దొంగచూపులతో చూసుకున్నారు. ఇక రేపటినుంచి ఒక్కరూ మీట ముట్టుకోరని మరిడేశ్వరి దిగులుపడింది.

సాయంత్రానికి ఆమె బల్ల మీదికి ఒక అర్జీ వచ్చింది. మొదటి సంతకం ఇస్మాయిల్‌ది, కింద తక్కిన అందరివీ.

“మమ్మల్ని ఇలాగే కలుపుతూ ఉండమని తంతిసఖికి చెప్పండి. కాకపోతే అవతల ఉన్నది యంత్రమని మాత్రం రోజూ అబద్ధం చెప్పమనండి. మనుషులని గుర్తుంటే మేం మర్యాదగా ఉండలేం.”

మరిడేశ్వరి చాలాసేపు నవ్వుకుంది. తర్వాత కలం తీసి, అందరి కిందా తనూ సంతకం పెట్టింది.