పక్కన నిలబడే మనిషి

ఆ పొద్దున ఏడింటికి ఎలిజబెత్ నిమ్మకాయ పులిహోర డబ్బాలో పెట్టి మూత బిగించింది. ఇస్త్రీ చేసిన తెల్ల డ్రెస్సు మేకుకు వేలాడుతోంది. దాన్ని వేసుకోవలసిన గ్లోరియా మాత్రం వంటింటి గడపలో కూర్చుని, చల్లారిపోయిన చాయ్ గ్లాసును రెండు చేతులతో పట్టుకుని ఉంది. డబ్బా కట్టాక కూడా పిల్ల కదలలేదంటే ఏదో అయిందని ఏ తల్లికైనా తెలిసిపోతుంది.

"ఎనిమిదింటికల్ల డ్యూటీల ఉండాలె గద బిడ్డా?"

"పోను మమ్మీ."

"జరమొచ్చిందా?"

"జరం లేదు. ఇగ పోనే పోను."

వాకిట్లో బూట్లు తుడుచుకుంటున్న తండ్రి యిర్మియా చెయ్యి ఆగింది. అతను బొగ్గు బాయిలో, అంటే గనిలో, సర్దార్. షిఫ్టు మొదలు కాగానే కర్రతో పైకప్పు తట్టి చూడాలి, గట్టిగా ఉంటేనే మందిని లోపలికి పంపాలి, చూసింది చూసినట్టు బుక్కులో రాయాలి. అదీ అతని పని. వచ్చే ఏడు రిటైరవుతాడు. ఇవాళ సెకండ్ షిఫ్టు కాబట్టి ఇంట్లో ఉన్నాడు. లేకపోతే ఈ మాట అతని చెవిన పడేదే కాదు.

"ఏంది, పోనంటున్నవ్? రెండు నెలలు గూడ కాలే."

గ్లోరియా గోదావరిఖనిలోనే ఒక ప్రైవేటు దవాఖానలో నర్సు. నర్సింగు పాసయి, మొదటిసారి చేరిన కొలువు. తలవంచుకునే చెప్పింది. శనివారం సాయంత్రం వార్డులో పద్దెనిమిది మంది పేషెంట్లు, తనొక్కతే. ఒకామెకు వాంతులు, ఇంకొకతనికి సెలైన్ సూది ఊడింది. ఆరింటి బీపీలు చూడలేదంటే పెద్ద సిస్టర్ కసురుకుంది. "పొద్దటివి జూసి రాయి, అందరం గట్లనే రాస్తం" అంది. గ్లోరియా రాసింది. కొమురెల్లి తాత పేరు ఎదురుగా కూడా నూట ముప్పై, ఎనభై అని రాసింది. గంట తిరగకముందే తాత స్పృహ తప్పాడు. అంబులెన్సులో కరీంనగర్ తీసుకుపోయారు.

"బతికిండా?" అంది ఎలిజబెత్.

"బతికిండు. లేచి కూసుంటున్నడట. ఇప్పుడు నన్ను కాయితం మీద సంతకం పెట్టమంటున్నరు. ఎవ్వరు చెప్పకుంటనే రాసిన్నని. తొమ్మిదింటికి మేనేజర్ వస్తడు. పెడితే కొలువుంటది, పెట్టకపోతే ఎక్స్‌పీరియన్స్ సర్టిఫికెట్ గూడ ఇయ్యరట."

యిర్మియా లేచి లోపలికి వచ్చాడు. అతని చెవిలో ఒక్క మాటే నిలిచిపోయింది.

"సూడకుంట రాసినవా?"

"రాసిన డాడీ."

"కప్పు తట్టకుంట మంచిగున్నదని రాసినట్టు."

గ్లోరియా కళ్ళు తుడుచుకుంది. "తప్పు నాదే. కాదంటలేను. కని ఎవ్వరు చెప్పలేదని రాసుడు అబద్ధం గద. ఒకపారి సూడంది రాసిన. ఇప్పుడు జరగంది రాయమంటున్నరు."

"మాటలు మంచిగ నేర్చినవ్. సంతకం పెట్టి అక్కన్నే చెయ్యి. రెండు నెలలకే ఉరికొచ్చిన దాన్ని రేపు ఎవడు పెట్టుకుంటడు? నేను ముప్పై ఎనిమిదేండ్లు జేసిన. ఒక్కనాడు ఊకె నాగా పెట్టి మస్టరు పోగొట్టుకోలె, బాయికి భయపడి ఎనక్కి రాలె."

"జెర నిమ్మళంగ మాట్లాడు, దాని మొకం సూడు" అంది ఎలిజబెత్.

"నువ్వు ఎనకేసుకొచ్చుడు ఆపు. గందుకే గిట్ల తయారైంది."

మూలన కూర్చుని చిక్కుడుకాయలు తుంచుతున్న సారవ్వ తలెత్తింది. యిర్మియా తల్లి ఆమె. ఎనభై దాటాయి. బడికి పోయింది లేదు గానీ, ఏ ఏడు ఏ పండుగకు ఎవరు ఏం కట్టుకున్నారో అడిగినా చెబుతుంది.

"ఎనక్కి రాలేదా, కొడుకా?"

"ఇప్పుడు నీ కథలు వద్దవ్వా."

"కథ గాదు. నువ్వు బాయిల దిగిన మూడో దినం. కప్పు నుంచి రొట్టె పెంకంత బొగ్గు పెళ్ళ నీ ముందట పడ్డది. ఇంటికొచ్చి నీళ్ళ డ్రమ్ము ఎనక ముడుసుకొని కూసున్నవ్. మీ నాయిన బెల్టు తీసిండు. ఆ నాడు జొన్నరొట్టె, వంకాయ కూర జేసిన. నువ్వు ముట్టలే."

ఎలిజబెత్ మొగుడి వైపు చూసింది. పెళ్ళయి ఇన్నేళ్ళలో ఈ సంగతి ఆమె కూడా వినలేదు.

"గప్పుడు మీ బాయి సర్దార్ నర్సింగం వచ్చిండు. మా కులపోడు గాదు, సుట్టం గాదు. మసి మొకంతోనే వచ్చిండు. నీ రొట్టెలు రెండు తానే తిన్నడు. కూరల ఉప్పు తక్కువైందని నాకు చెప్పిండు గూడ. తిని, మీ నాయిన చేతిల బెల్టు తీసి దండెం మీద ఏసిండు. 'రేపటి సంది ఈడు నా పక్కన నిలబడతడు. నేను తట్టినంక ఈడు తడుతడు' అన్నడు. ఆరు నెలలు నిన్ను పక్కకెళ్ళి ఇడువలే. బెల్టుకు భయపడి నువ్వు మల్ల బాయికి పోలే కొడుకా. నర్సింగం వచ్చిండని పోయినవ్."

సారవ్వ ఇంకో కాయ తుంచి గిన్నెలో వేసింది.

"దీనికోసం ఎవరొచ్చిండ్రు?"

యిర్మియా వాకిట్లోకి వెళ్ళాడు. తుడిచిన బూట్లనే మళ్ళీ తుడిచాడు. కాసేపటికి లోపలికి వచ్చి, కూతురు పక్కన గడపలో కూర్చున్నాడు. అతను అలా కూర్చుని ఎన్నేళ్ళయిందో.

"శనారం నాడు నీ పక్కన ఎవరున్నరు, బిడ్డా?"

"ఎవ్వరు లేరు డాడీ."

ఆ మాటతో గ్లోరియా అంతదాకా పట్టి ఉంచిన ఏడుపు బయటికి వచ్చింది. అతను ఆమె నెత్తి మీద చెయ్యి వేసి, ఏడుపు ఆగేదాకా తియ్యలేదు. తర్వాత మేకుకున్న డ్రెస్సు తీసి ఇచ్చాడు.

"ఏసుకో."

"సంతకం పెట్టమంటున్నవా?"

"లేదు. కప్పు మంచిగ లేకపోతే మందిని బయటికి తీస్తం. కని ఊకె ఉరికిరాం. ఉన్నది ఉన్నట్టు బుక్కుల రాస్తం. ఇంకొకలు అటు పోకుంట అడ్డం కట్టి వస్తం. నీకేం చెయ్యాలనుందో నువ్వే అనుకో. నేను పక్కన నిలబడత."

గ్లోరియా కాగితం తీసుకుని తనే రాసింది. చూడకుండా బీపీ రాశానని, అది తన తప్పని రాసింది. ఎవరు రాయమన్నారో పేరుతో సహా రాసింది. ఒక్కర్తినే వార్డులో వదిలేసే చోట పని చెయ్యలేనని చివర రాసింది.

తొమ్మిదింటికి దవాఖానలో మేనేజరు అది చదివి మొహం చిట్లించాడు. "ఇది ఇస్తే సర్టిఫికెట్ రాదమ్మా. తెలుసుగా?"

"తెలుసు సార్."

అతను యిర్మియా వైపు తిరిగాడు. "మీరేం మాట్లాడాలని వచ్చారు?"

"నేనేం మాట్లాడ సార్. ఆమె పక్కన నిలబడదామని వచ్చిన."

బయటికి వచ్చేముందు గ్లోరియా వార్డుకు వెళ్ళింది. వారం కింద చేరిన భావ్య అక్కడ ఒక్కతే అటూ ఇటూ పరుగెడుతోంది. గ్లోరియా ఆమె చెయ్యి పట్టుకుంది. "సూడనిది రాయకు భావ్యా. ఖాళీగ ఉంచు, తిడితే తిట్టనియ్. నా నంబరుంది గద, ఎప్పుడైనా ఫోన్ చెయ్యి." ఆ పిల్ల సరేనని తలూపింది గానీ కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

బస్టాండు దగ్గర గ్లోరియా ఆగింది.

"డాడీ, కరీంనగర్ పోత. కొమురెల్లి తాతకు నేనే చెప్పాలె."

"తిడుతరేమో, ఆయన పిల్లలు."

"తిట్టనియ్."

యిర్మియా గడియారం చూసుకున్నాడు. సెకండ్ షిఫ్టు మూడింటికి. పోయి రావడానికే సాయంత్రం అవుతుంది. కూతురి చేతిలోని టిఫిన్ డబ్బా తీసుకుని, కరీంనగర్ బస్సు ఎక్కి, రెండు సీట్ల మీద తువ్వాల వేశాడు.

"మరి డ్యూటీ, డాడీ?"

"ఇయాల మస్టరు పోనియ్. రా, కిటికి పక్కన కూసో."