ఏ పట్టికలోనూ లేని పుష్పమ్మ

ఆరోగ్య శాఖలో లెక్కలు చూసే ఫణి పంపిన నివేదిక మూడోసారి సంతకం లేకుండా తిరిగొచ్చింది.

ఉప్పుగూడ ఆరోగ్య కేంద్రానికి గర్భిణులు పెద్దగా రావడం లేదు కాబట్టి మూసేయవచ్చని అందులో రాశాడు. అక్కడి నర్సు హరిప్రియ సంతకం పెడితే పని అయిపోతుంది. ఆవిడేమో పెట్టదు! ఆ ఏడాది జూలై వానంతా నెత్తిన పోసుకుంటూ, సైదాబాద్ నుంచి స్కూటర్ మీద వెళ్లాడు.

"ఏంటండీ మీ గొడవ?"

"లొల్లి నాది గాదు సార్, మీ లెక్కలది. ఆడోళ్లకొక పట్టిక, కూలోళ్లకొకటి, వికలాంగులకొకటి గీసిన్రు. మా పుష్పమ్మ ఏ పట్టికల ఉన్నది?"

"ఎవరా పుష్పమ్మ?"

"రాండ్రి, చూపిస్త."

చార్మినార్ వెనక సందులో, బొగ్గుల కుంపటి ముందు లక్క గాజులు చేస్తోంది పుష్పమ్మ. ఏడో నెల. పుట్టు చెవుడు. కేంద్రం తెరిచి ఉండేది పొద్దున పూటే. ఆ పూట పని మానితే షాపువాళ్లు ఇంకొకరిని పెట్టుకుంటారు. అయినా ఒకసారి, హరిప్రియ సెలవులో ఉన్న రోజు, వెళ్లింది. పేరు మూడుసార్లు పిలిచారట. వినపడలేదు. గేటు మూసేశారు. చెవిటివాళ్లకు వేరే శిబిరం ఉంది కానీ, అక్కడ గర్భిణులను చూడరు.

ఫణి ఆ వివరాలన్నీ రాసుకున్నాడు. ఈలోపు హరిప్రియ పుష్పమ్మ పాదాల వాపు చూసి, బీపీ కొలిచి గాభరా పడింది.

"ఆటో పిలువుండ్రి సార్, జల్ది!"

ప్రసూతి ఆసుపత్రిలో హరిప్రియ డాక్టర్ కోసం పరిగెత్తింది. వరసలో పుష్పమ్మ పక్కన ఫణి నిలబడ్డాడు.

"నువ్వేంది భయ్యా, గర్భిణోళ్ల లైన్ల?" అంది వెనకావిడ.

అంతలో లోపలి నుంచి కేక: "పుష్పమ్మ!"

"ఉన్నాను! అంటే, ఉంది! ఇక్కడే ఉంది!" అని ఫణి చెయ్యెత్తాడు. వరసంతా గొల్లుమంది. డాక్టర్‌తో వస్తున్న హరిప్రియ కూడా ఆ కంగారులోనే ఫక్కున నవ్వేసింది.

ఇంకొక్క రోజు ఆలస్యమైతే తల్లీబిడ్డా దక్కేవాళ్లు కాదన్నారు.

ఫణి నివేదిక మొత్తం తిరగరాశాడు. పై అధికారి రామచంద్రరావు గారు విసుక్కున్నారు.

"ఆడవాళ్లా, కూలీలా, వికలాంగులా? ఏదో ఒకటి తేల్చవయ్యా!"

"మూడూ ఒకే మనిషండీ. విడివిడిగా లెక్కేశాం కాబట్టే మనకి కనపడలేదు."

ఆయన కళ్లజోడు తీసి, తుడుచుకుని, మళ్లీ మొదటి పేజీ నుంచి చదివారు. కేంద్రం మూతపడలేదు. సాయంత్రం వేళలు వచ్చాయి. పేర్లు పిలవడం పోయి, అంకెలు చూపించే బోర్డు వచ్చింది.

సెప్టెంబర్‌లో పుష్పమ్మకు ఆడపిల్ల పుట్టింది. అప్పటికి ఏదో ఒక వంకతో వారానికి రెండుసార్లు కేంద్రానికి వస్తున్న ఫణి, హరిప్రియ కలిసి చూడ్డానికి వెళ్లారు. బాలింత ఫణిని చూపిస్తూ వేళ్లతో ఏదో అడిగింది. హరిప్రియ చెంపలు ఎర్రబడ్డాయి.

"ఏమంటోందండీ?"

"ఏం లేదు."

"ఏం లేకపోతే ఆవిడెందుకు నవ్వుతోంది?"

"పెండ్లెప్పుడని అడుగుతున్నది. సార్ ఇంకా అడగనే లేదని చెప్పిన. చాలునా?"

ఫణి తన రెండు చేతులూ తిప్పి చూసుకున్నాడు. చివరికి, "చేతులతో ఎలా అడగాలో కాస్త నేర్పుతారా?" అన్నాడు.

హరిప్రియ తల కొట్టుకుంది.

"నాకు చెవులు మంచిగనే ఉన్నయి ఫణీ! నోటితోనే అడుగు!"