ఏడుపు సాలు

2074 వానాకాలంలో ఆదిలాబాద్ జిల్లాలో సోయా విత్తనం కొన్న ప్రతి రైతుకూ పెద్ద సంచితో పాటు ఒక చిన్న పొట్లం కూడా ఇచ్చారు.

సంచిలోది పెన్‌గంగ-7. ఆకులను పసుపుబార్చి చంపే పల్లాకు తెగులు ప్రపంచంలోని సోయా రకాలన్నిటినీ తినేశాక మిగిలిన ఒకే ఒక్క రకం. దీని రోగనిరోధక జన్యువు నిద్రలో ఉంటుంది. ఎప్పుడూ మేలుకుని ఉంటే గింజ కట్టదు మరి! దాన్ని లేపడానికే ఆ పొట్లం. అందులోని విత్తనం నుంచి వచ్చే మొక్క ఆ తెగులును మోసే తెల్లదోమను ముందుగా తన మీదికి రప్పించుకుని, జబ్బుపడి, చచ్చేలోపు గాలిలోకి ఒక వాసన వదులుతుంది. ఆ వాసన తగిలితే చుట్టుపక్కల సోయా అంతా తెగులును తట్టుకుంటుంది. పది సాళ్లకొకటి వేస్తే చాలు.

పదకొండేళ్లు కష్టపడి దీన్ని తయారుచేసిన డాక్టర్ స్వరూప ‘చాటింపు సాలు’ అని ముచ్చటగా పేరు పెట్టుకుంది. కళ్లముందే వాడి చచ్చే దాన్ని రైతులేమో ‘ఏడుపు సాలు’ అన్నారు. అక్కడే కొంప మునిగింది. ఏడుపును కోరి ఎవరు తమ చేలో పెట్టుకుంటారు?

ఆగస్టుకల్లా ఊళ్లకు ఊళ్లు పసుపుబారాయి. స్వరూప ‘వేరుచూపు’ యంత్రం పట్టుకుని రైతు నాందేవ్ చేలో దిగింది. మట్టిలో మిగిలిన వేళ్లను చదివి, ఏ మొక్కను ఎప్పుడు పీకారో చెప్పే సెన్సార్ అది.

“చాటింపు సాళ్లు లేవు. అసలు విత్తలేదు” అంది యంత్రం.

స్వరూపకు ఒళ్లు మండిపోయింది. “ఎందుకు వెయ్యలేదు కాకా?”

“పంట పచ్చగుండాలె గని, ఇంట్ల ఏడుపెందుకు మేడం? పక్కోడు ఏస్తడు గద అనుకున్న.”

పక్కవాడూ అదే మాటన్నాడు. వాడి పక్కవాడూ అంతే. ఇరవై మూడు చేలు తిరిగినా ఒక్క సాలు కనబడలేదు.

“సిగ్గుండాలి మీకు! ఒక్కరు వేసినా చుట్టుపక్కల చేలు బతికేవి” అని కడుపుమంటకొద్దీ అరిచింది. అందరూ తలలు దించుకున్నారు.

ఇక ఒకే ఆశ. పరిశోధనా కేంద్రంలోని ఆరెకరాల మూలవిత్తనం. అదీ పోతే ఈ భూమ్మీద సోయా గింజ ఉండదు. రైతులంతా ఆమె వెంట పరుగున వెళ్లారు. వారం రోజులుగా ఊళ్లు తిరుగుతూ ఆమె అటు చూడనేలేదు; గేటు తీసేసరికి ఆరెకరాలూ పసుపే.

“చాటింపు సాళ్లు విత్తారు. జూలై పంతొమ్మిదిన పీకేశారు” అంది ఆమె చేతిలోని యంత్రం.

“ఎవరు పీకిన్రు మేడం?” అడిగాడు నాందేవ్.

జూలై ఇరవైన పైనుంచి పెద్దలు చూడ్డానికొచ్చారు. జబ్బుపడి వాడుతున్న సాళ్లు ఫోటోల్లో అసహ్యంగా పడతాయని కూలీలను పిలిచి దగ్గరుండి పీకించింది స్వరూపే.  అందరూ తనవైపే చూస్తున్నారు.

“చుట్టూ మీ అందరివీ ఉంటాయి కదా అనుకున్నాను కాకా” అంది చివరికి.