రెండో స్టూడియోలో గొంతు

దగ్గరికి రండి. ఇలా చాప మీద కూర్చోండి. వెనకున్న ఇద్దరూ గోడకి జారగిలబడకుండా ముందుకు జరగండి — తరవాత భయం వేసిందని ఒకరి మీద ఒకరు పడితే ఊరుకోను. దీపం కొంచెం తగ్గిస్తున్నాను. సరే... నేను విన్నది విన్నట్టు చెబుతాను.

ఒక వీధి చివర రేడియో స్టేషను ఉండేది. మూతబడి తొమ్మిదేళ్లయింది. పెద్ద భవనమేం కాదు. ఒకటే అంతస్తు, పొడుగాటి వసారా, లోపల రెండు స్టూడియోలు. గోడల నిండా సన్న బెజ్జాల అట్టలు, బయటి చప్పుడు లోపలికి రాకుండా మందపాటి తలుపులు. చీకటి పడ్డాక ఆ గోడ పక్కనుంచి ఎవరూ నడిచేవారు కాదు. రోడ్డు దాటి అవతలి వైపు నుంచి తల దించుకుని పోయేవారు.

ఎందుకంటే... లోపల ఎవరో మాట్లాడేవారు.

పాలవ్యాను డ్రైవరు విన్నాడు. "రా..." అందట ఒక మగ గొంతు. కాసేపాగి మళ్లీ, "రా..." అదే మాట, అదే తీరు, వెంట్రుకవాసి తేడా లేదు. ఇరవైసార్లు లెక్కపెట్టి, ఆపైన లెక్క తప్పి, వ్యాను వెనక్కి తిప్పుకున్నాడు. బట్టలు కుట్టే ఆవిడ విన్నది ఇంకోటి — మూలుగు. బండరాయిని నేల మీద ఈడుస్తున్నట్టు లోతుగా మొదలై, పిల్లికూతలా సన్నగా తేలి, ఠక్కున ఆగిపోయే మూలుగు. "మనిషి గొంతే. కానీ మాటని తిరగేసి మాట్లాడుతోంది" అంది ఆవిడ.

రెండేళ్లుగా అక్కడ ఏదో ఒకటి వినబడుతూనే ఉందని వీధివాళ్ల మాట.

ఆ స్టేషను నడిచిన రోజుల్లో అందులో ముగ్గురుండేవారు. పాటలు వేస్తూ, పాటకీ పాటకీ మధ్య కబుర్లు చెప్పేవాళ్లు. పొద్దుటి మావయ్య గొంతు వినబడకపోతే చాలా ఇళ్లలో స్టవ్ వెలిగేది కాదు. సాయంత్రం శ్రోతల ఉత్తరాలు చదివేది ఉత్తరాలక్క. ఇక రాత్రి బాబాయి — ఊరు పడుకున్నాక, ఒక్కొక్కరి చెవిలో చెబుతున్నట్టు మాట్లాడేవాడు. నిద్రపట్టని వాళ్లకీ, రాత్రి డ్యూటీ వాళ్లకీ ఆయనే దిక్కు.

స్టేషను మూతబడ్డాక ముగ్గురూ తలో దారి పట్టారు. మావయ్య కారు నడపడం నేర్పే స్కూల్లో చేరాడు. "ఇప్పుడు మనం... ఒక చక్కని మలుపు తీసుకోబోతున్నాం" అని ఆయన పాత బాణీలో అంటే, నేర్చుకునేవాళ్లు పాట వస్తుందేమోనని చెవులు రిక్కించి బ్రేకు సంగతి మర్చిపోయేవారు. ఉత్తరాలక్క ఆసుపత్రిలో టోకెన్లు పిలిచే కుర్చీలో కూర్చుంది. నలభయ్యో నంబరువాళ్లు కూడా పొద్దున్నే వచ్చి కూర్చునేవారు, ఆవిడ పిలుపులు వినడానికి. పాపం, పోయింది రెండేళ్ల కిందట. బాబాయి గడియారాలు బాగుచేసే కొట్టు పెట్టుకున్నాడు. "బతుకంతా టైము చెప్పాను, ఇప్పుడు దాన్ని బాగుచేస్తున్నాను" అని నవ్వేవాడు.

ఆ నవ్వూ ఎక్కువకాలం ఉండలేదు. గొంతులో జబ్బు వచ్చింది. ఆపరేషన్ చేశారు. మనిషి మిగిలాడు, గొంతు పోయింది. గుసగుస కూడా లేదు.

అసలు కష్టం అక్కడుంది, వినండి. బాబాయి భార్యకి — మనకి పిన్ని అనుకోండి — అప్పటికే నాలుగేళ్లుగా చూపు లేదు. ఆయన రాసి చూపిస్తే ఆవిడకి కనబడదు. ఆవిడ అడిగితే ఆయన పలకలేడు. ఒకే ఇంట్లో ఇద్దరు, మధ్యలో ఏమీ లేదు.

ఒక శుక్రవారం మావయ్య వాళ్లింటికి వెళితే, బాబాయి కొట్లో ఉన్నాడు. పిన్ని ఒక్కతే పెట్టెలో బట్టలు తడిమి తడిమి సర్దుకుంటోంది.

"ఏంటి చెల్లెమ్మా, ప్రయాణమా?"

"ఆదివారం బస్సుకి మా అక్క దగ్గరికి వెళ్లిపోతున్నాను అన్నయ్యా. ఇంక రాను."

"అదేం మాట?"

"పక్కన మనిషి ఉన్నాడో లేడో తెలీదు. ఉన్నానని చెప్పడానికి చప్పట్లు కొడతాడు. నేనేమన్నా పావురాన్నా? మా అక్క పొద్దస్తమానం తిడుతుంది. కనీసం ఒక గొంతైనా వినబడుతుంది కదా."

ఇంకో చీర తడిమి పెట్టెలో పెట్టింది. పెట్టె మూత వేస్తూ మెల్లిగా అంది: "రేపు పొద్దున ఆ స్టేషను కూల్చేస్తారట. లోపల ఆయన గొంతున్న టేపు ఒక్కటి ఎక్కడైనా మిగిలితే తెచ్చిపెట్టు. వెంట తీసుకెళతాను."

మావయ్యకి ఆరోజు సాయంత్రం బ్యాచి కూడా ఉంది. చివరి శిష్యుడు కారుని చెట్టుకి గుద్దకుండా దిగేసరికి బాగా చీకటి పడింది. టార్చి పట్టుకుని స్టేషను గేటు దగ్గరికి వెళ్లాడు. కాపలావాడు తాళంచెవి ఇచ్చి కుర్చీలోంచి లేవలేదు.

"తోడు రావయ్యా" అన్నాడు మావయ్య.

"నా జీతం గేటు వరకే సార్."

తలుపు తోశాడు. లోపల తొమ్మిదేళ్ల దుమ్ము వాసన. కరెంటు ఎప్పుడో తీసేశారు. వసారాలో నడుస్తుంటే తన అడుగులే తనకి ఆలస్యంగా వినబడుతున్నాయి. టార్చి వెలుగులో కుర్చీలు, తెగిన వైర్లు, గోడ మీద ఆగిపోయిన గడియారం...

అప్పుడు వినబడింది.

"రా..."

మావయ్య ఉన్నచోటే ఆగిపోయాడు.

"రా..."

భయపెట్టింది మాట కాదు. ఆ గొంతు. ఇరవయ్యేళ్ల పాటు పక్క గదిలోంచి విన్న గొంతు. రాత్రి బాబాయిది. జబ్బు రాకముందు, వయసు మీద పడకముందు ఎలా ఉండేదో అచ్చం అలా — వెచ్చగా, దగ్గరగా...

వాడికి గొంతు లేదు కదా. మరి ఇది?

అంతలో ఆయనకి ఒక ఆలోచన వచ్చింది. ఇవాళంతా వాణ్ని నేను చూడలేదు... వాడికేమన్నా అయిపోయిందా? మనిషి పోయి, గొంతొక్కటీ తన చోటికి తిరిగి వచ్చేసిందా?

పారిపోదామనే అనుకున్నాడు. కానీ పిల్లలూ, స్నేహితుడు పోయాడేమోనన్న అనుమానంతో ఇంటికెళ్లి ఎవరు నిద్రపోగలరు? రెండో స్టూడియో తలుపు దాకా గోడ పట్టుకుని వెళ్లాడు. తలుపు ఓరగా ఉంది.

"ఒరేయ్..." అన్నాడు, తనకే వినబడనంత మెల్లిగా. "నువ్వేనా?"

లోపల నిశ్శబ్దం. ఆ తరవాత —

"నేను..."

టార్చి చేతిలోంచి జారి పడి ఆరిపోయింది.

"నేను... ఇక్కడే..."

వెంటనే ఆ మూలుగు. పాతాళంలోంచి లేచి, సన్నగా అరిచి, ఠక్కున ఆగింది. మావయ్య కళ్లు మూసుకుని భుజంతో తలుపు తోశాడు.

బల్ల మీద చిన్న బ్యాటరీ దీపం. దాని వెనక ఒక మనిషి ముఖం. నోరు బార్లా తెరిచి అరుస్తున్నాడు — చప్పుడు మాత్రం లేదు. చేతిలో బ్లేడు. మెడ చుట్టూ నల్లగా, సన్నగా, పాముల్లాంటివి వేలాడుతున్నాయి.

బాబాయే. ప్రాణాలతోనే ఉన్నాడు. మావయ్యని చూసి హడలిపోయి అరిచాడు, అరుపు రాలేదు, అంతే. మెడలోవి టేపు ముక్కలు.

ఇద్దరూ గుండెలు పట్టుకుని చెరో కుర్చీలో కూలబడ్డారు. కాసేపటికి మావయ్య బల్ల వైపు చూశాడు. బయటి రికార్డింగులకు పట్టుకెళ్లే పాత బ్యాటరీ మెషీను. దాని పక్కన బల్ల అంచు పొడుగునా అతికించిన టేపు ముక్కలు. ఒక్కో ముక్క కింద ఒక్కో చీటీ: "రా", "నేను", "ఇక్కడే", "ఉన్నాను", "భయం", "లేదు".

అర్థమైందా? మిగిలిన టేపుల్లోంచి తన మాటలే ఏరుకుంటున్నాడాయన. ఎక్కడో ఒక పాట ముందు అన్న "రా", ఎప్పుడో టైము చెబుతూ అన్న "నేను"... ముక్క ఎక్కడ కొయ్యాలో తెలియడానికి అదే మాటని ఇరవైసార్లు వేసి వింటాడు. టేపుని చేత్తో ముందుకీ వెనక్కీ లాగినప్పుడు వచ్చేదే ఆ మూలుగు. పిన్ని నిద్రమాత్ర వేసుకున్నాక వెనక తలుపు పాత తాళంచెవితో వచ్చి, గొంతు లేని మనిషి తన కోసం ఒక గొంతు కుట్టుకుంటున్నాడు.

"చెప్పొచ్చు కదరా నాకు" అన్నాడు మావయ్య. అని, ఆ మాటకి తనే నాలిక్కరుచుకున్నాడు.

బాబాయి కాగితం మీద రాశాడు: "అన్నీ దొరికాయి. ఆవిడ పేరు దొరకలేదు."

"పేరెందుకురా? నేను ఇక్కడే ఉన్నాను అంటే చాలదా?"

బాబాయి తల అడ్డంగా ఊపి రాశాడు: "పేరు లేకపోతే అది రేడియోనే అవుతుంది."

నిజమే. ఇన్నేళ్లలో వేలమంది శ్రోతల పేర్లు చదివాడు. పిన్నిది వాళ్ల నాయనమ్మ పేరు. అంత పాత పేరు శ్రోతల్లో ఒక్కరికీ లేదు. ఇంట్లో ఆయన పిలిచేది "ఏమోయ్" అనే.

మావయ్య బల్ల మీది చీటీలన్నీ మరోసారి వరసగా చదివాడు. ఉన్నట్టుండి లేచాడు.

"ఒరేయ్, ఒకసారి పాట వేసి మైకు మూయడం మర్చిపోయావు. గుర్తుందా? ఇంటికి ఫోను చేసి, ఆ ఒక్కసారీ ఆవిణ్ని పేరు పెట్టి పిలిచి మాట్లాడావు. ఊరంతా విన్నది. పైవాళ్లు సంజాయిషీ అడిగారు. ఉత్తరాలక్క నిన్ను నెల్లాళ్లు ఆట పట్టించింది."

బాబాయి నిట్టూర్చి టేపుల గది వైపు చెయ్యి ఊపాడు. అక్కడ వెతకనిది లేదు.

"అక్కడెందుకుంటుంది? మంచి కార్యక్రమాల టేపులు చెరిపేసి మళ్లీ వాడుకునేవాళ్లం. తప్పు జరిగిన టేపుల్నే దాచేవారు, విచారణ కోసం. ఆఫీసరు గదిలో, ఇనప బీరువాలో."

ఇద్దరూ పరిగెత్తారు. బీరువా తలుపు తుప్పుతో బిగుసుకుపోయింది. కాలు గోడకి తన్నిపెట్టి లాగారు. లోపల ఒక స్టేషను చేసిన తప్పులన్నీ తేదీల వారీగా ఉన్నాయి. అడుగున ఒక డబ్బా, దాని మీద ఎర్ర సిరాతో: "మైకు మూయలేదు. సొంత మాటలు."

గేటు బయటికి వచ్చాక మావయ్యకి ఊపిరాడింది. నవ్వొచ్చింది కూడా. "రెండేళ్లుగా ఈ వీధి వీధంతా హడలగొట్టావు కదరా" అన్నాడు.

బాబాయి ఆగిపోయాడు. వీధి దీపం కింద కాగితం మోకాలి మీద పెట్టుకుని రాశాడు: "నేను వచ్చింది పదకొండు రాత్రులే."

మావయ్య రెండోసారి చదివాడు. వెనక ఆ చీకటి వసారాలో ఏదో కాగితం విప్పినట్టు... ఉత్తరం విప్పినట్టు... చప్పుడైందంటాడు. ఇద్దరూ వెనక్కి చూడలేదు. డబ్బా, మెషీనూ గుండెకి హత్తుకుని వేగంగా నడిచారు.

ఇల్లు చేరేసరికి, బాబాయి దగ్గరగా వేసి వచ్చిన తలుపుకి లోపల గడియ పడి ఉంది. పిన్నికి మధ్యలో మెలకువ వచ్చింది. పక్క తడుముకుంది. ఎవరూ లేరు.

తలుపు తట్టారు. లోపల్నుంచి వణుకుతూ, "ఎవరది?" అంది.

మావయ్య నోరు తెరవబోయాడు. బాబాయి చప్పున ఆయన నోటికి చెయ్యి అడ్డం పెట్టాడు. మెట్టు మీద మెషీను దించి, డబ్బాలోని టేపు ఎక్కించి, మీట నొక్కాడు.

పాట వచ్చింది. ఎప్పటిదో, మధ్యలోంచి. దాని మీద ఆ గొంతు — ఆవిడ పేరు పిలిచింది. ఆ పేరు నాకు తెలుసు, మీకు చెప్పను. అది ఆయన పలకాల్సింది.

"...గడియ పెట్టుకున్నావా? నేను వచ్చేదాకా తీయకు."

లోపల చప్పుడు లేదు. పాట మాత్రం సాగుతోంది. బాబాయి తలుపుకి అరచేయి ఆనించి నిలబడ్డాడు.

చాలాసేపటికి, తలుపుకి అటువైపు నుంచి, సరిగ్గా ఆ అరచేయి ఉన్నచోట —

"పెట్టుకున్నాను" అంది పిన్ని. "వచ్చావుగా. తీస్తున్నా."

గడియ చప్పుడైంది.

ఆదివారం బస్సు ఆవిడ లేకుండానే వెళ్లింది.

ఇక లేవండి. చాప దులిపి మడత పెట్టండి. ఆ రెండేళ్లూ అక్కడెవరున్నారని నన్నడక్కండి, నాకూ తెలీదు. తిన్నగా ఇళ్లకెళ్లి, వేడిగా ఉన్నప్పుడే అన్నం తినండి. దారిలో ఇద్దరిద్దరు కలిసి నడవండి. ఇంట్లో పిలిచినప్పుడు మాత్రం, మూడుసార్లు అరిపించుకోకుండా, మొదటిసారికే పలకండి.